తేనెటీగల బంకలో ఏముంది?

మూడేళ్ళ క్రితం జర్మనీ నుంచి వచ్చిన ఒక స్నేహితుడు చిన్న గోధుమరంగు సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. "గొంతు గరగరమన్నప్పుడు రెండు చుక్కలు వేసుకోరా, తెల్లారేసరికి తగ్గిపోతుంది" అన్నాడు. వేసుకున్నాను. గొంతు సంగతేమో గానీ, నాలుగో రోజుకి పెదవులు వాచి మూతి చుట్టూ దద్దుర్లు లేచాయి. వారం రోజులు ఆఫీసు కాల్స్‌లో కెమెరా ఆపుకుని కూర్చున్నాను. చర్మ వైద్యురాలు వీపు మీద వరసగా పట్టీలు అంటించి, రెండు రోజులు వీపు తడవకూడదని చెప్పి పంపించారు. పట్టీలు తీసి చూస్తే రెండు చోట్ల ఎర్రటి మచ్చలు. ఒకటి పెరూ బాల్సమ్ అనే చెట్టు జిగురుది. రెండోది ప్రొపోలిస్‌ది, అంటే నా సీసాలో ఉన్నదానిది.

సీసా మీద "100 శాతం సహజం" అని రాసుంది. లోపలున్నవి: ప్రొపోలిస్ సారం, ఆల్కహాల్. అంతే. మరి ప్రొపోలిస్‌లో ఏముంటుందండీ అని అడిగితే, "చాలా ఉంటాయి. అందులో మీకు పడనిది ఏదో ఒకటి" అన్నారావిడ. ఆ 'ఏదో ఒకటి' అన్న మాట నన్ను వదల్లేదు. మా వృత్తిలో ఆ జవాబు చెప్తే ఎవరూ ఊరుకోరు. ఏ ఫైల్లో, ఏ లైన్లో అని అడుగుతారు. సరే, ఈ బంకలో ఏ లైన్లో ఏముందో కనుక్కున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వెతకడం మొదలుపెడితే, దాని వెనక రెండు వందల ఏళ్ళ కథ ఉందని తేలింది.

ప్రొపోలిస్ అంటే తేనెటీగలు చెట్ల మొగ్గల మీద, బెరడు మీద ఊరే జిగురుని కొరికి తెచ్చి, మైనం కలిపి, గూట్లో సందులు పూడ్చడానికి వాడే బంక. ఎండాకాలం సాగుతుంది, చలికాలం గాజుముక్కలా విరుగుతుంది. పేరు గ్రీకుది: 'ప్రొ' అంటే ముందర, 'పోలిస్' అంటే పట్టణం. గూటి గుమ్మాన్ని కోటగోడలా కుదించడానికి వాడతాయి గనక ఆ పేరు వచ్చిందంటారు. దెబ్బలకీ పుళ్ళకీ పనికొస్తుందని అరిస్టాటిల్ జంతుశాస్త్రంలోనే ఉంది. క్రీస్తుకి ముందు మొదటి శతాబ్దంలో వ్యవసాయం మీద పుస్తకం రాసిన రోమన్ పండితుడు వారో, వైద్యులు దీన్ని పట్టీల్లో వాడటం వల్ల రోము నగరంలో 'పవిత్ర వీధి' బజార్లో ఇది తేనె కన్నా ఎక్కువ ధర పలుకుతోందని రాశాడు. నా స్నేహితుడు ఆ సీసాకి ఎన్ని యూరోలు పోశాడో అడగలేదు గానీ, పరిస్థితి పెద్దగా మారినట్టు లేదు.

తెలుగులో దీనికి మాట ఉందేమోనని చాలా చూశాను. తేనె ఉంది, మైనం ఉంది, పుప్పొడి ఉంది, పట్టు, తుట్టె, పెర అన్నీ ఉన్నాయి. దీనికి మాత్రం అందరూ వాడే మాట ఒకటి దొరకలేదు. అది మన భాష లోపం అనుకోను. మన పుట్టల్లో తొర్రల్లో గూడు కట్టే దేశవాళీ తేనెటీగ ఈ బంక జోలికి దాదాపు పోదు. యూరప్ నుంచి తెచ్చి పెట్టెల్లో పెంచే తేనెటీగే దీన్ని పోగేస్తుంది. మన దగ్గర చెట్టు జిగురు బాగా వాడేవి కుట్టని చిన్న ఈగలు, గోడ కన్నాల్లో, చెట్టు తొర్రల్లో గొట్టం లాంటి గుమ్మం కట్టుకునేవి. కాబట్టి ఈ వ్యాసంలో దాన్ని 'బంక' అనే అంటాను.

ఇది ఎక్కణ్ణుంచి వస్తుందన్నది మొదటి ప్రశ్న. ఆ ప్రశ్నకి సరైన జవాబు కనుక్కున్న మనిషికి కళ్ళు కనపడవు. జెనీవాకి చెందిన ఫ్రాన్స్వా హ్యూబర్ (1750-1831) చిన్న వయసులోనే చూపు పోగొట్టుకున్నాడు. సేవకుడు, భార్య, కొడుకు ఆయనకి కళ్ళయ్యారు. వాళ్ళు చూసి చెప్పేవాళ్ళు, ఆయన ప్రశ్న మార్చి మళ్ళీ చూడమనేవాడు. 1814లో వచ్చిన ఆయన పుస్తకం రెండో భాగంలో ఈ ప్రయోగం ఉంది. వసంతంలో ఆకు విప్పకముందు, జిగురు మొగ్గలతో నిండి ఉన్న పాప్లర్ కొమ్మలు కోయించి, కుండీల్లో గుచ్చి, తేనెటీగలు తిరిగే దారిలో పెట్టించాడు. ఈగలు వచ్చి మొగ్గ మడతలు విప్పి, లోపలి జిగురుని తీగలా లాగి, కాళ్ళకున్న బుట్టల్లో నింపుకుని పోయాయి. మొగ్గల జిగురూ గూటిలో బంకా ఒకే తీరుగా కరుగుతున్నాయని కూడా పరీక్షించి చూశాడు.

ఇదే హ్యూబర్ మైనం సంగతి కూడా తేల్చాడు. అప్పటిదాకా పెద్ద పెద్దవాళ్ళు మైనాన్ని ఈగలు పుప్పొడి నుంచి చేస్తాయనుకునేవాళ్ళు. ఈయన ఈగల్ని మూసిపెట్టి ఉత్త తేనె, చక్కెర పెట్టి మేపినా మైనం కట్టాయి. అంటే మైనం వాటి ఒంట్లోంచి వస్తుంది, బంక బయట నుంచి వస్తుంది. మైనం విషయంలో లోకం ఆయన మాట ఒప్పుకుంది. బంక విషయంలో మాత్రం వందేళ్ళ తర్వాత కుస్టెన్‌మాకర్ అనే జర్మన్ పరిశోధకుడు, ఇది పుప్పొడి అరిగేటప్పుడు ఈగ కడుపులో మిగిలే జిగురు అని వాదించాడు. ఆ వాదం కొన్నేళ్ళు నడిచింది కూడా! కొమ్మలు కుండీలో గుచ్చి చూపించినా నమ్మనివాళ్ళకి ఇంకేం చూపించాలి? అణువుని చూపించాలి.

ఆ అణువు అప్పటికే వేరేచోట సీసాలో సిద్ధంగా ఉంది. స్విట్జర్లాండ్‌లో బాసెల్‌లో పనిచేసిన జూల్ పికార్ అనే రసాయన శాస్త్రవేత్త పాప్లర్ మొగ్గల నుంచి పసుపుపచ్చని స్ఫటికాలు తీసి, బంగారం రంగు కాబట్టి 'క్రైసిన్' అని పేరు పెట్టాడు. దాని గురించిన వ్యాసం 1873లో అచ్చయింది. ఆయనకి తేనెటీగల గొడవ లేదు, మొగ్గలో ఏముందన్నదే కావాలి. (ఆ ఇంటిపేరు ఎక్కడో విన్నట్టుందా? 1931లో బెలూన్‌లో ఆకాశంలో దాదాపు 16 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్ళిన ఆగస్ట్ పికార్ ఈయన కొడుకే. 1960లో సముద్రంలో అతి లోతైన చోటికి దిగిన జాక్ పికార్ మనవడు. కొడుకు పైకి, మనవడు కిందికి పోయారు. తాత మాత్రం మొగ్గ లోపలికి వెళ్ళాడు. ఈ ముగ్గురిలో నాకు నచ్చింది తాతే.)

క్రైసిన్‌లో 15 కార్బన్లు, 10 హైడ్రోజన్లు, 4 ఆక్సిజన్లు. లెక్క తెలిసినంత మాత్రాన ఆకారం తెలిసినట్టు కాదు. అవే ఇటుకలతో వేర్వేరు ఇళ్ళు కట్టొచ్చు. ఆ రోజుల్లో ఆకారం తెలుసుకోవాలంటే క్షారంలో ఉడకబెట్టి ముక్కలు చేసి, ఆ ముక్కల్ని గుర్తుపట్టి, మొత్తం ఎలా ఉండి ఉంటుందో ఊహించి, ఆ ఊహ ప్రకారం ప్రయోగశాలలో మొదటి నుంచీ కట్టి చూడాలి. కట్టినదీ చెట్టుదీ ఒకే వేడి దగ్గర కరిగితే, రెండూ కలిపినా అక్కడే కరిగితే ఊహ నిజం. 1899లో బెర్న్‌లో కొస్టానెట్స్‌కీ అనే పోలిష్ ఆచార్యుడు, ఆయన జట్టు ఆ పని పూర్తిచేశారు. ఈ జాతి అణువులకి 'ఫ్లేవోన్' అన్న పేరు పెట్టిందీ ఆయనే. 1910లో ఇదే కొస్టానెట్స్‌కీ మరో ఇద్దరితో కలిసి మన వంటింటి పసుపులో కుర్కుమిన్ ఆకారం చెప్పాడు. పసుపు పుట్టిన దేశంలో వందల ఏళ్ళుగా నూరుతూ పూస్తూ ఉన్నా, దాని బొమ్మ గీసింది బెర్న్‌లో.

ఇలా అన్నానని మనవాళ్ళు ఏమీ చెయ్యలేదని కాదు. 1930లలో లాహోర్‌లో పనిచేసిన మద్రాసు మనిషి కె. వెంకటరామన్ ఫ్లేవోన్లు కట్టడానికి కనిపెట్టిన పద్ధతి ఇవాళ్టికీ బేకర్-వెంకటరామన్ చర్య పేరుతో పాఠ్యపుస్తకాల్లో ఉంది. అదే కాలంలో వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, టి.ఆర్. శేషాద్రి పత్తి పువ్వుల్లాంటి మన పువ్వుల్లోని పసుపు రంగుల్ని విడదీసి ఒక్కొక్కదాని ఆకారం చెప్పేవారు. యుద్ధకాలంలో విశాఖ మీద బాంబులు పడ్డాక విశ్వవిద్యాలయం గుంటూరుకి తరలింది. ఆ పరిస్థితుల్లో కూడా ఆయన శిష్యబృందం నుంచి ఫ్లేవోన్ల మీద వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. 1949లో ఆయన ఢిల్లీ వెళ్ళారు, 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. నేను నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివాను, అందులో ఒక ఏడాది కెమిస్ట్రీ కూడా ఉంది. శేషాద్రి పేరు ఒక్కసారి కూడా వినలేదు. ఈ బంక పుణ్యమా అని ఇప్పుడు విన్నాను.

మళ్ళీ బంక దగ్గరికొద్దాం. 1927లో జోబేర్ అనే ఫ్రెంచి రసాయనవేత్త, తేనెమైనానికి ఆ పచ్చదనం ఎక్కణ్ణుంచి వస్తుందని వెతుకుతూ బంకలో క్రైసిన్ పట్టుకున్నాడు. పాప్లర్ మొగ్గలో పికార్‌కి దొరికినదే. గుడ్డి హ్యూబర్ కుండీల్లో గుచ్చిన కొమ్మలకి 113 ఏళ్ళ తర్వాత అణువు సాక్ష్యం దొరికింది.

కానీ క్రైసిన్ ఒక్కటే కాదు కదా. బంకలో సుమారు సగం జిగురు, మూడో వంతుకి దగ్గరగా మైనం, మిగతాది సువాసన నూనెలు, పుప్పొడి, చెత్త. ఆ జిగురు భాగంలో పదుల కొద్దీ అణువులు అన్నదమ్ముల్లా ఒకే పోలికతో ఉంటాయి. ఒక ఆక్సిజన్ ఎక్కువుంటే గాలాంజిన్, రెండు హైడ్రోజన్లు ఎక్కువుంటే పినోసెంబ్రిన్. వీటిని కరగబెట్టి, చల్లార్చి, స్ఫటికాలు కట్టేదాకా ఎదురుచూసే పాత పద్ధతిలో విడదీయడం అంటే ఉప్పూ పంచదారా కలిసిపోతే చేత్తో ఏరినట్టే.

దారి చూపించినవాడు మిఖాయిల్ త్స్వెట్. వార్సాలో ఉద్యోగం చేసిన ఈ రష్యన్ వృక్షశాస్త్రవేత్త, గాజు గొట్టంలో సుద్దపొడి కూరి, పైనుంచి ఆకుపసరు పోసి, దాని వెనకాలే పెట్రోలియం ఈథర్ పోస్తే, రంగులు ఒకదాని కింద ఒకటి పట్టీలుగా విడిపోవడం చూశాడు. 1906లో దానికి క్రొమాటోగ్రఫీ అని పేరు పెట్టాడు, రంగుల రాత అని. రష్యన్‌లో 'త్స్వెట్' అన్నా రంగే. చిన్నప్పుడు సుద్దముక్క మీద ఇంకు చుక్క పెట్టి, నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టి, నీలం లోంచి ఊదా పైకి పాకడం చూశారా? అదే ఇది. సుద్దని ఎక్కువ పట్టుకునే అణువు వెనకబడుతుంది, తక్కువ పట్టుకునేది ముందుకి పోతుంది. ఆయన 1919లో చనిపోయేనాటికి ఈ పద్ధతిని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1944లో ఇంగ్లండులో గొట్టం కూడా అక్కర్లేకుండా వడపోత కాగితం మీదే ఈ పని చెయ్యొచ్చని చూపించాక, ఆ దారిలో నడిచిన మార్టిన్, సింజ్‌లకి 1952లో నోబెల్ వచ్చింది.

ఇక్కడి నుంచి ప్రశ్న మారింది. ఇందులో ఏమున్నాయి అన్నది పోయి, ఇందులో పనిచేసేది ఏది అన్నది వచ్చింది. ఫ్రాన్సులో పియేర్ లవీ 1950ల చివర్లో గూట్లోని బంక, మైనం, తేనె అన్నిట్లో బ్యాక్టీరియాని ఆపే గుణం ఎంతెంత ఉందో కొలిచాడు. తర్వాత ఆయన సహచరులు బంకని విడదీస్తూ పోయి, 1964లో గాలాంజిన్‌నీ 1970లో పినోసెంబ్రిన్‌నీ బ్యాక్టీరియాని ఆపేవిగా గుర్తించారు. (గాలాంజిన్ అన్న పేరు దుంపరాష్ట్రకం జాతి దుంప నుంచి వచ్చింది, మొదట దొరికింది అందులోనే. మన నాటు వైద్యుల సంచిలోదీ యూరప్ ఈగ బుట్టలోదీ ఒకే అణువన్నమాట.)

ఆ పద్ధతి చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. బంకని ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, పొడికొట్టి, 70 శాతం ఆల్కహాల్‌లో నానబెడతారు. చల్లబరిచి వడకడితే మైనం పైన మిగిలిపోతుంది. సారాన్ని సిలికా గొట్టంలోంచి పంపి, చిన్న చిన్న సీసాల్లో వరసగా పడతారు. ఒక్కో సీసాలోంచి చుక్క తీసి బ్యాక్టీరియా పళ్ళెంలో వేస్తారు. ఏ సీసా చుక్క చుట్టూ బ్యాక్టీరియా చచ్చిందో ఆ సీసాని మాత్రం మళ్ళీ విడదీస్తారు, మిగతావి పక్కన పెట్టేస్తారు. ఇలా ఒక్క అణువు మిగిలేదాకా. మేం రోజూ చేసేది ఇదే. ప్రోగ్రాంలో తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు మార్పుల్ని సగానికి సగం కోసుకుంటూ పోతాం, ఏ సగంలో తప్పు బయటపడితే ఆ సగాన్ని మళ్ళీ కోస్తాం. దాన్ని బైసెక్ట్ అంటాం. తప్పు ఒక్క చోటే ఉంటే ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. రెండు మార్పులు కలిసినప్పుడే వచ్చే తప్పయితే మాత్రం ఏ సగంలో చూసినా అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

విడిగా దొరికిన అణువు పేరు చెప్పడం ఇంకో కళ. అతినీలలోహిత కాంతిని క్రైసిన్ 268, 313 నానోమీటర్ల దగ్గర గట్టిగా పీల్చుకుంటుంది. అందులో అల్యూమినియం క్లోరైడ్ చుక్క వేస్తే ఆ శిఖరాలు పక్కకి జరుగుతాయి. ఎంత జరిగిందో చూసి, ఏ మూల ఆక్సిజన్ ఎక్కడుందో చెప్పేవాళ్ళు. 1970లో మేబ్రీ, మార్కమ్, థామస్ అనే ముగ్గురు దీన్నంతా ఒక పుస్తకంగా కూర్చారు. పోలీసు స్టేషన్లో వేలిముద్రల రిజిస్టరు లాంటిది. అదే ఏడాది బ్రాటిస్లావాలో చిజ్మారిక్, మాటెల్ బంకలోంచి కెఫీక్ ఆమ్లం తీశారు. పేరు కాఫీ నుంచి వచ్చింది గానీ కెఫీన్‌తో చుట్టరికం లేదు.

1987లో ఆక్స్‌ఫర్డ్‌లో గ్రీనవే బృందం, ఆ చుట్టుపక్కల గూళ్ళ బంకని ఆవిరి చేసి, సన్నటి గొట్టంలోంచి పంపి, బయటికొచ్చిన ఒక్కో అణువునీ పగలగొట్టి ముక్కల బరువు తూచే యంత్రంలో పెట్టారు. స్ఫటికాలతో పనిలేకుండా ఒక్క దెబ్బలో పదుల పేర్లు. పాప్లర్ మొగ్గల జిగురుతో పోల్చుకుంటే చెట్టు ఎవరో కూడా తెలిసిపోయింది. అదే ఏడాది హాంబర్గ్‌లో హౌసెన్ అనే చర్మ శాస్త్రవేత్త నా ప్రశ్నే అడిగాడు: బంక పడనివాళ్ళకి పడనిది ఏది? విడదీసి గినీ పందుల మీద పరీక్షిస్తూ పోతే దొరికినవి కెఫీక్ ఆమ్లం ఎస్టర్లు, పాప్లర్ మొగ్గలో ఉండేవే. వాటిలో ఫినెథైల్ ఎస్టర్ ఒకటి.

ఇది చదువుతూ 'దొరికిందిరా' అనుకున్నాను. పేజీ తిప్పితే 1988. న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయంలో గ్రన్‌బర్గర్, నకనిషి బృందం బంకలోంచి ఒక అణువు తీసి, ప్రయోగశాల పళ్ళేల్లో అది మామూలు కణాల కన్నా క్యాన్సర్ కణాల్ని ఎక్కువగా చంపుతోందని ప్రకటించింది. ఆ అణువు కెఫీక్ ఆమ్లం ఫినెథైల్ ఎస్టర్. ఆ తర్వాత దాని మీద వందల వ్యాసాలొచ్చాయి. హాంబర్గ్ నేరస్తుల జాబితాలో ఉన్నదే న్యూయార్క్‌లో కథానాయకుడైంది. రెండూ నిజమే. ఏ ప్రొటీన్ కనపడితే దాన్ని పట్టుకునే ఆ గుణమే పళ్ళెంలో కణాన్ని చంపుతుంది, నా పెదవిని వాచేలా చేస్తుంది. పళ్ళెంలో చేసింది మనిషి ఒంట్లో చేస్తుందని మాత్రం ఎవరూ చూపించలేదు. నా స్నేహితుడి సీసా అమ్మినవాళ్ళు ఈ రెండు వ్యాసాల్లో ఏది చదివారో ఊహించుకోవచ్చు.

ఇంతలో కథ బ్రెజిల్‌కి వెళ్ళింది. అక్కడ పాప్లర్ లేదు, బంక ఆకుపచ్చగా ఉంటుంది. ఈగలు దాన్ని బాకారిస్ అనే పొద చిగుళ్ళ నుంచి తెస్తాయి. దాన్ని జపాన్ వాళ్ళు ఎగబడి కొన్నారు, విడదీశారు. 1994లో అందులో బ్యాక్టీరియాని ఆపేది ఆర్టెపిల్లిన్-సి అని తేల్చారు. యూరప్ బంకలో దాని జాడే ఉండదు. క్యూబాలో క్లూసియా పూల జిగురు, ఇంకోచోట ఇంకో చెట్టు. పేరు ఒకటే, ఈగ ఒకటే, లోపల సరుకు వేరు. సోఫియాలో బంకోవా అనే బల్గేరియన్ రసాయనవేత్త జీవితమంతా దీని మీదే పనిచేశారు (పేరులో బంక ఉండటం కాకతాళీయమే, నేనేం కల్పించలేదు). 1999లో ఆవిడ బృందం బల్గేరియా, మంగోలియా, ఈజిప్టు, బ్రెజిల్ లాంటి చోట్ల బంకల్ని పక్కపక్కన పెట్టి పరీక్షించింది. లోపలున్న అణువులు వేరు. అయినా చర్మం మీద పుళ్ళు పుట్టించే స్టెఫలోకాకస్ జాతి బ్యాక్టీరియాని అన్నీ ఆపాయి. ఏ ఒక్క అణువుకీ ఆ పేరంతా కట్టబెట్టడం కుదరదని ఆవిడ తేల్చారు.

ఇందాక గుర్తుంచుకోమన్నది ఇదే. వందేళ్ళు కోసుకుంటూ పోయి చివర్న చేతికొచ్చింది ఒక్క లైను కాదు, లైన్ల మధ్య సంబంధం. అలాగని విడదీసినవాళ్ళ శ్రమ వృథా అని నేననను. 'ప్రకృతిని ముక్కలు చేస్తే ఏం దొరుకుతుంది' అని నిట్టూర్చే వ్యాసాలు మన పత్రికల్లో చాలా చదివాను, వాటి మీద నాకు పెద్దగా గౌరవం లేదు. విడదీయకపోతే బల్గేరియా బంకా బ్రెజిల్ బంకా వేరని కూడా తెలిసేది కాదు. 2010లో యూరప్ ఆహార భద్రతా సంస్థ ప్రొపోలిస్ మీద వచ్చిన ఆరోగ్య ప్రకటనల్ని తోసిపుచ్చింది. కారణం: లోపలేముందో సరిగ్గా వివరించలేదు. నా సీసా లేబుల్ కూడా అదే తప్పు చేసింది.

ఈగలకి ఈ గొడవంతా అక్కర్లేదు. 2009లో మినసోటాలో సిమోన్, ఇవాన్స్, స్పివాక్ ఒక ప్రయోగం చేశారు. కొన్ని గూళ్ళ లోపలి గోడలకి బంక సారం పూశారు, కొన్నిటికి పూయలేదు. పూసిన గూళ్ళలో బ్యాక్టీరియా తక్కువ, ఈగల ఒంట్లో రోగనిరోధక జన్యువుల పని కూడా తక్కువ. గోడే కాపలా కాస్తుంటే ఒళ్ళు అంత కష్టపడక్కర్లేదు. ఈగలు దాన్ని గోడలకి పూస్తాయి, సందుల్లో కూరుతాయి. గొంతులో మాత్రం వేసుకోవు.

డాక్టరు గారిచ్చిన కార్డు ఇప్పటికీ నా పర్సులో ఉంది. ప్రొపోలిస్, పెరూ బాల్సమ్ అని రెండు పేర్లు. కింద ఖాళీ చోట్లో 'కెఫీక్ ఆమ్లం ఎస్టర్లు' అని నేనే పెన్నుతో రాసుకున్నాను. పోయిన నెల మళ్ళీ వెళ్ళినప్పుడు చూపిస్తే ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివి, "ఇదెవరు రాశారు?" అని అడిగారు.